పాత బీఎండబ్ల్యూ ఎఫ్30 రోజువారీ బండిగా: ఇంజిను చూసి కొనండి, సస్పెన్షన్ వరసగా చేయించండి

బీఎండబ్ల్యూ 3 సిరీస్‌లో 2012 నుంచి 2019 దాకా మన దేశంలో అమ్ముడైన తరం పేరు ఎఫ్30. సెకండ్ హ్యాండ్‌లో స్పోర్ట్స్ సెడాన్ కావాలని వెతికితే ముందు తగిలేది ఇదే, అందులోనూ 320డి. కొత్త క్రెటా టాప్ మోడల్ ధర కంటే తక్కువకే దొరుకుతుంది. అయితే తగ్గింది బండి ధర ఒక్కటే. లోయర్ ఆర్మ్, షాకులు, గేర్‌బాక్స్ ఆయిల్ ధరలు బండితో పాటు పాతబడవు. అందుకని చేతిలో ఉన్న డబ్బంతా బండి మీదే పెట్టకండి. అయిదో వంతు పక్కన పెట్టుకుని, మిగిలిన దాంట్లో వచ్చే బండి చూడండి. ఆ అయిదో వంతు మొదటి ఏడాదిలోనే ఖర్చయిపోతుంది. అందులో పెద్ద భాగం సస్పెన్షన్‌కే పోతుంది.

"ఇది మన రోడ్లకు పనికిరాదు, గుంత పడితే నడుం విరుగుతుంది" అనే మాటలో సగమే నిజం. నడుం మీదికి వచ్చేది ఎక్కువగా రన్-ఫ్లాట్ (గాలి పోయినా నడిచే) టైర్ల వల్ల, అరిగిన బుష్‌ల (సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు ముక్కల) వల్ల. ఆ రెండూ తేల్చకుండా షాకులు మార్చినా, స్ప్రింగుల్లో రబ్బర్లు పెట్టించినా డబ్బు దండగ.

ఏ ఇంజిను

ఫేస్‌లిఫ్ట్‌కు (అదే తరంలో మధ్యలో చేసిన మార్పులకు) ముందు 320డిలో ఎన్47 ఇంజిను ఉండేది, 184 హార్స్ పవర్. ఫేస్‌లిఫ్ట్ తర్వాత బీ47 వచ్చింది, 190 హార్స్ పవర్. ఎన్47 టైమింగ్ చెయిన్ ఇంజిను వెనక వైపు, గేర్‌బాక్స్‌కు ఆనుకుని ఉంటుంది. చెయిన్ సాగినా గైడ్ విరిగినా గేర్‌బాక్స్ దించనిదే, చాలా సార్లు ఇంజినే దించనిదే చెయ్యి పెట్టలేరు. ఈ గొడవ ఎక్కువగా 2007-2011 మధ్య తయారైన ఇంజిన్లది. ఎఫ్30లోకి వచ్చేసరికి తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. ఆయిల్ ఆలస్యంగా మార్చిన బండిలో ఇప్పటికీ వస్తుంది. బీ47లోనూ చెయిన్ వెనకే ఉన్నా ఆ పేరు తెచ్చుకోలేదు. రెండూ ఒకే బడ్జెట్‌లో ఉంటే, కిలోమీటర్లు కాస్త ఎక్కువ తిరిగినా బీ47 తీసుకోండి.

పెట్రోలులో మొదట వచ్చిన 328ఐలో ఎన్20 ఇంజిను, 245 హార్స్ పవర్. లాగుడు బాగుంటుంది. కానీ దాని చెయిన్ గైడ్లు ప్లాస్టిక్‌వి, వేడికి పెళుసుబారి విరుగుతాయి. విరిగిన ముక్కలు కింద ఆయిల్ సంప్‌లో పడి ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడతాయి. 2015 మొదట్లో కంపెనీ మార్చిన గైడ్లతో వచ్చిన ఇంజిన్లు నయం. అంతకు ముందు బండి అయితే గైడ్లు మార్చిన బిల్లు చూపించమనండి, బిల్లు లేకపోతే ఆ ఖర్చు బేరంలో తగ్గించండి. ఫేస్‌లిఫ్ట్ తర్వాత పెట్రోలు బండ్లలోని బీ48 ఇంజిను ఈ నాలుగింటిలో తలనొప్పి తక్కువది. కూలెంట్ లీకులూ, ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గ్యాస్కెట్ లీకూ చూసుకుంటే చాలు.

రోజూ ఆఫీసుకు అయిదారు కిలోమీటర్లే వెళ్లే వాళ్లు డీజిల్ జోలికి పోకండి. డీపీఎఫ్‌లో (డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌లో) పేరుకున్న మసి కాలాలంటే ఎగ్జాస్ట్ దాదాపు 600 డిగ్రీల వేడెక్కాలి, ఓ 20 నిమిషాలు ఆగకుండా నడవాలి. అమీర్‌పేట ట్రాఫిక్‌లో అది జరిగే పని కాదు. మధ్యలో ఇంజిను ఆపేస్తే మసి కాల్చడానికి పోసిన డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లోకి దిగి దాన్ని పలచన చేస్తుంది. ఊళ్లో తిరిగే డీజిల్ బండిని వారానికోసారి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కించి అరగంట నిలకడగా నడిపితే డీపీఎఫ్ చాలాకాలం బతుకుతుంది. "డీపీఎఫ్ తీయించేస్తే పీడా పోతుంది" అని సలహా ఇచ్చేవాళ్లు దొరుకుతారు. అది చట్టానికి విరుద్ధం, పైగా పొగ, వాసన, అమ్మేటప్పుడు తంటా.

కాగితాలు, నీళ్లు

ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లకు ఆంక్షలు పెట్టారు. అందుకే గడువు దగ్గరపడ్డ 320డిలు అక్కడి నుంచి చవగ్గా మన వైపు వస్తాయి. చవగ్గా వచ్చింది కదా అని ఎగబడకముందు లెక్క వేసుకోండి: అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ, లోను ఉండి తీరిపోతే ఫారం 35, బదిలీకి ఫారం 29, 30, ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్. ఇవన్నీ కలిపాక లోకల్ బండికీ దానికీ తేడా ఎంత మిగిలిందో చూడండి. ఎన్‌వోసీ చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి.

నీళ్లలో మునిగిన బండి ఇంకో ప్రమాదం. 2015లో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2023 డిసెంబరులో మళ్లీ చెన్నై, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ. ప్రతిసారీ వందల కార్లు మునిగాయి, శుభ్రం చేసి మళ్లీ అమ్మకానికి పెట్టినవీ ఉన్నాయి. ఎఫ్30లో బ్యాటరీ డిక్కీలో కుడి పక్కన ఉంటుంది. ఆ మూత తీసి బ్యాటరీ అడుగు భాగం, చుట్టూ ఉన్న కనెక్టర్లు టార్చి వేసి చూడండి. సన్నటి బురద పొర గానీ, పిన్నుల మీద ఆకుపచ్చ తుప్పు గానీ ఉంటే అక్కడితో ఆపేయండి. ముందు సీట్ల పట్టాల బోల్టులు, సీట్ బెల్టు చివరిదాకా లాగితే బయటికొచ్చే భాగం మీద నీటి గీత కూడా చూడాలి. సెంటు వాసన గుప్పుమనే బండిని కాస్త అనుమానంగానే చూడండి.

ఛాసిస్ నంబరుతో అధీకృత సర్వీసు సెంటర్‌లో సర్వీసు చరిత్ర అడగవచ్చు. అదే నంబరుతో పెండింగ్ రీకాల్ ఏమైనా ఉందో కూడా అడగండి. డీజిల్ బండ్లకు ఇది మరీ ముఖ్యం. ఈజీఆర్ కూలర్ (ఇంజిన్లోకి తిరిగి పంపే ఎగ్జాస్ట్ వాయువును చల్లార్చే భాగం) లోపల లీకై మంటలు అంటుకునే అవకాశం ఉందని 2018 నుంచి బీఎండబ్ల్యూ పలు దేశాల్లో డీజిల్ కార్లను వెనక్కి పిలిచింది.

నడిపి చూసేటప్పుడు

ముందుగానే ఫోన్ చేసి "ఇంజిను స్టార్ట్ చేయకుండా ఉంచండి" అని చెప్పండి. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఎందుకు వేడి చేశారో అడగాల్సిందే. చల్లటి ఇంజిను స్టార్ట్ చేసి విండ్‌షీల్డ్ వైపు, అంటే ఇంజిను వెనక భాగం దగ్గర చెవి పెట్టండి. ఎన్47లో చెయిన్ పాడైతే అక్కడి నుంచి గొలుసు రాసుకుంటున్నట్టు గరగర వస్తుంది, యాక్సిలేటర్ మెల్లగా తొక్కి 2,000 ఆర్‌పీఎం దగ్గరికి తెచ్చినప్పుడు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ముందు వైపు నుంచి వణుకుతో కూడిన టకటక వస్తుంటే అది చెయిన్ కాకపోవచ్చు, క్రాంక్ పుల్లీలోని రబ్బరు ఊడి ఉండవచ్చు. ఎన్20లో ఆర్‌పీఎం పెరిగే కొద్దీ సన్నటి ఈల లాంటి కూత పెరిగితే ఆయిల్ పంపు చెయిన్, గైడ్ల మీద అనుమానం పెట్టుకోండి.

తర్వాత రోడ్డు మీద. బండి నిలిపి ఉండగా స్టీరింగ్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పండి. స్ప్రింగ్ "టంగ్" మని ఎగిరినట్టు వినిపిస్తే పైన టాప్ మౌంట్ బేరింగ్ పోయింది. స్పీడ్ బ్రేకర్‌ను ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కేలా చాలా మెల్లగా దాటండి. టక్ టక్ మని చిన్న చప్పుడొస్తే సాధారణంగా లింక్ రాడ్, దబ్బుమని బరువైన చప్పుడొస్తే బుష్ లేదా షాకు. ఖాళీ రోడ్డు మీద 90 నుంచి 50కి నిలకడగా బ్రేకు వేయండి. స్టీరింగ్ ఎడమకీ కుడికీ వణికితే "డిస్కులు వంకరపోయాయి, రెండు వేలలో స్కిమ్మింగ్ (డిస్కు పైపొర చెక్కి చదును చేయడం) చేయిస్తే సరి" అంటారు. ఒక్కోసారి అది నిజమే. కానీ ఎఫ్30లో అదే వణుకు టెన్షన్ ఆర్మ్ బుష్ వల్ల కూడా వస్తుంది, డిస్కులు కొత్తవి వేసినా నెలకో రెణ్నెల్లకో మళ్లీ తిరిగొస్తుంది.

గేర్‌బాక్స్ ఎనిమిది గేర్ల జెడ్ఎఫ్ ఆటోమేటిక్, గట్టిది. సిగ్నల్ దగ్గర ఆగేటప్పుడు రెండు నుంచి ఒకటికి దిగేచోట వెనక నుంచి ఎవరో తోసినట్టు కుదుపు వస్తే ఆయిల్ మార్చి ఎన్నాళ్లయిందో అడగండి. "లైఫ్‌టైం ఆయిల్, మార్చక్కర్లేదు" అని జవాబు వస్తుంది. గేర్‌బాక్స్ తయారు చేసిన జెడ్ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమనే చెబుతుంది. ఎవరి మాట వినాలో చెప్పక్కర్లేదు. ఈ ఆయిల్ మార్చేటప్పుడు అడుగు ప్లాస్టిక్ పాన్ మొత్తం కొత్తది వేయాలి, ఫిల్టర్ అందులోనే కలిసి ఉంటుంది. లెవెల్ చూసేది ఇంజిను నడుస్తుండగా, ఆయిల్ వేడి 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు. ఆ వేడిని స్కానర్‌లో చూడకుండా అందాజాగా పోసే మెకానిక్ చేతికి ఈ పని ఇవ్వకండి.

చివరగా స్కానర్. ఎఫ్ సిరీస్‌కు (ఎఫ్30 లాంటి ఈ తరం బీఎండబ్ల్యూలకు) ల్యాప్‌టాప్‌కు కలిపే ఎనెట్ కేబుల్ గానీ, బిమ్మర్‌లింక్ లాంటి ఆప్‌తో పనిచేసే అడాప్టర్ గానీ చాలు. ఎర్రర్ కోడ్లతో పాటు డీజిల్‌లో డీపీఎఫ్ మసి ఎంత ఉంది, ఆఖరి రీజనరేషన్ (మసి కాల్చుకోవడం) అయ్యి ఎన్ని కిలోమీటర్లయింది చూడండి. కోడ్లన్నీ నిన్నే తుడిచేసినట్టు శుభ్రంగా ఉంటే ఓ 30 కిలోమీటర్లు నడిపి మళ్లీ చదవండి.

లిఫ్ట్ మీద

డీల్ కుదరకముందే వెయ్యో రెండు వేలో ఇచ్చి బండిని లిఫ్ట్ ఎక్కించండి. ముందు సస్పెన్షన్‌లో ఒక్కో వైపు కింద రెండు ఆర్మ్‌లుంటాయి. ఒకటి అడ్డంగా ఉండే కంట్రోల్ ఆర్మ్, రెండోది ముందుకు ఏటవాలుగా పోయే టెన్షన్ ఆర్మ్. బ్రేకు వేసినప్పుడు చక్రం వెనక్కి జరగబోతుంది, దాన్ని ముందు నుంచి పట్టి లాగి ఉంచేది ఈ టెన్షన్ ఆర్మే. దాని లోపలి చివర బుష్‌లో రబ్బరుతో పాటు ద్రవం ఉంటుంది. చిన్న వణుకుల్ని మింగేది ఆ ద్రవమే. రబ్బరు పగిలితే ద్రవం కారి బుష్ చుట్టూ నల్లటి జిడ్డు మరక కడుతుంది, దుమ్ము దానికి అంటుకుని పేస్టులా అవుతుంది. ఆ మరక కనిపిస్తే పరీక్షలేవీ అక్కర్లేదు, ఆర్మ్ పోయినట్టే. మరక లేకపోతే బుష్ దగ్గర పొడుగాటి స్క్రూడ్రైవర్ దూర్చి మెల్లగా కదిపి చూడండి. కాస్త సాగడం మామూలే. లోహం లోహానికి తగిలినట్టు ఆడితే మాత్రం మార్చాలి. మన రోడ్ల మీద 60,000-80,000 కిలోమీటర్లు దాటి, ఇంకా కంపెనీ ఆర్మ్‌లే ఉన్న బండి అయితే మార్చే ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

షాకుల మీద పైనుంచి కిందికి ఆయిల్ కారిన చార ఉందేమో చూడండి. కేవలం పొడి దుమ్ము అంటుకుని ఉంటే భయం లేదు. పైన ఉండే బంప్ స్టాప్ (షాకు చివరిదాకా కొట్టుకోకుండా ఆపే మెత్తటి ముక్క) పొడిపొడిగా రాలిపోయి ఉంటుంది చాలా బండ్లలో, దాంతో గుంతలో పడ్డప్పుడు షాకు నేరుగా లోహానికి కొట్టుకుంటుంది. స్ప్రింగ్ అడుగు చుట్టు విరిగిందేమో వేలు పెట్టి తడమండి, కంటికి తెలీదు. వెనక టైర్ల లోపలి అంచు కూడా చేత్తో తడమాలి. బయటికి కొత్తగా కనిపించే టైరు లోపల తీగలు తేలి ఉండవచ్చు.

ఇంజిను కింద ప్లాస్టిక్ కవరు ఉందో లేదో చూడండి. ఆయిల్ మార్చిన ప్రతిసారీ విప్పడం బద్ధకమై కొన్ని గ్యారేజీలు దాన్ని పక్కన పడేస్తాయి. కవరు లేని బండికి సర్వీసు ఎలా జరిగిందో దాన్ని బట్టే తెలిసిపోతుంది.

సస్పెన్షన్ పని: మొదట టైర్లు

బండి ఇంటికొచ్చాక మొదటి పని టైర్లదే. రన్-ఫ్లాట్ టైరు గోడ గాలి లేకపోయినా బండి బరువు మోసేంత మందంగా ఉంటుంది. అందుకే గుంత అంచు దెబ్బ నేరుగా లోపలికి వస్తుంది. 17 అంగుళాల చక్రాలకు కంపెనీ సైజు 225/50 ఆర్17. అదే సైజులో మామూలు టైర్లు వేస్తేనే బండి మారిపోయినట్టుంటుంది. స్పీడ్ బ్రేకర్లకు అడుగు రాసుకునే ఊళ్లో ఉంటే 225/55 ఆర్17 కూడా వేస్తున్నారు. చక్రం వ్యాసం 22 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అంటే బండి 11 మిల్లీమీటర్లు లేస్తుంది. స్పీడోమీటర్ మీద తేడా 3.4 శాతం. అలా వేసుకుంటే స్టీరింగ్ పూర్తిగా తిప్పి, వెనక ముగ్గురిని కూర్చోబెట్టి, లోపలి లైనర్‌కు ఎక్కడైనా రాసుకుంటోందేమో చూడండి. 18 అంగుళాల వాళ్లకు అంత వెసులుబాటు లేదు. గోడ ఎత్తు తక్కువ, అల్లాయ్ వంగడం మామూలు విషయం. రోజువారీ వాడకానికైతే 17 అంగుళాల సెట్ ఒకటి కొనుక్కోవడమే మేలు. బోల్టుల లెక్క 5×120, మధ్య రంధ్రం 72.6 మిల్లీమీటర్లు ఉండాలి. ముందు బ్రేకులకు చక్రం తగలకుండా ఉందో లేదో బిగించి చూసుకోండి.

మామూలు టైర్లకు మారితే పంక్చరైన టైరుతో ఇంటిదాకా వచ్చే సౌకర్యం పోతుంది. డిక్కీలో చిన్న కంప్రెసర్, పంక్చర్ కిట్ పెట్టుకోండి, దూరం వెళ్లేటప్పుడు స్టెప్నీ. గాలి ఎంత పెట్టాలో డ్రైవర్ డోరు పక్క స్టిక్కర్ మీద ఉంటుంది. బంకు కుర్రాడు నాలుగింటికీ 35 కొట్టేస్తానంటే ఒప్పుకోకండి, ముందూ వెనకా అంకెలు వేరు. టైర్లు మార్చాక ఐడ్రైవ్ (డాష్‌బోర్డు స్క్రీన్) మెనూలో టైర్ ప్రెజర్ రీసెట్ చేయాలి. టైరు పక్కన నాలుగంకెలు తయారీ వారం, ఏడాది చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. గాడులు ఎంత ఉన్నా ఆరేళ్లు దాటిన టైరు వద్దు.

ముందు ఆర్మ్‌లు

టైర్లయ్యాక కూడా బ్రేకు వణుకు, హైవేలో అటూ ఇటూ తేలడం ఉంటే ఆర్మ్‌లు. కావాల్సినవి: రెండు టెన్షన్ ఆర్మ్‌లు, రెండు కంట్రోల్ ఆర్మ్‌లు, రెండు లింక్ రాడ్లు, వాటన్నిటికీ కొత్త బోల్టులు, లాక్ నట్లు. లెమ్‌ఫోర్డర్ కంపెనీ ఆర్మ్‌లు తీసుకోండి, బీఎండబ్ల్యూకి సరఫరా చేసేదీ వాళ్లే. మైలే హెచ్‌డీ కూడా మంచిదే. పార్ట్ నంబరు ఛాసిస్ నంబరు చివరి ఏడు అక్షరాలు, అంకెలతో వెతికి రాసుకెళ్లండి, "ఎఫ్30 లోయర్ ఆర్మ్" అని అడిగితే వేరేది అంటగడతారు. నకిలీ డబ్బాలు కూడా తిరుగుతున్నాయి, బిల్లు ఇవ్వనంటే కొనకండి.

ఆర్మ్ మొత్తం ఎందుకు, బుష్ ఒక్కటే ప్రెస్ చేయించుకోవచ్చు కదా అని ఆటోనగర్‌లో అడుగుతారు. చేయవచ్చు, సగం ఖర్చు మిగులుతుంది. కానీ రెండు చిక్కులు. ఆ బుష్‌ను ఏ కోణంలో దించాలో గుర్తు ఉంటుంది, అది తప్పితే ద్రవం అరలు తప్పు దిక్కుకు తిరిగి బుష్ తొందరగా చిరిగిపోతుంది. రెండోది, అవతలి చివర బాల్ జాయింట్ కూడా అంతే వయసుది. ఆరు నెలల్లో అది పోతే లేబరూ అలైన్‌మెంటూ మళ్లీ కట్టాలి. పాలీయురెథేన్ బుష్‌లు ట్రాక్ మీదికి బాగుంటాయేమో గానీ రోజువారీ బండిలో కిర్రుకిర్రులు, స్టీరింగ్‌లోకి వచ్చే అదురు భరించలేరు.

పని ఇంట్లో చేసుకునే వాళ్లు ఇలా చేయండి. బండిని చదునైన నేల మీద కాస్త ముందుకీ వెనక్కీ తోసి ఆపి, చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా దూరం కొలిచి రాసుకోండి, రెండు వైపులా. ఈ అంకె లేకుండా పని మొదలుపెట్టొద్దు. వెనక చక్రాలకు అడ్డాలు పెట్టి, 17 మిల్లీమీటర్ల సాకెట్‌తో చక్రం బోల్టులు అర చుట్టు వదులు చేసి, డోర్ల కింది అంచున ఉండే రబ్బరు ప్యాడ్ దగ్గర జాకీ వేసి లేపి, స్టాండ్ల మీద దించండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కిందికి దూరకండి. కింద కవరు స్క్రూలు 8 మిల్లీమీటర్లవి.

హెడ్‌లైట్ ఎత్తు సరిచేసే సెన్సార్ ఉన్న బండ్లలో దాని చిన్న కడ్డీ ఆర్మ్‌కు తగిలించి ఉంటుంది. ముందు దాన్ని విప్పండి, లేకపోతే విరిగి కొత్త ఖర్చు. బాల్ జాయింట్ నట్టు తీసి, పుల్లర్‌తో ఊడదీయండి. సుత్తితో కొట్టొద్దు, చక్రం పట్టుకునే నకుల్ అల్యూమినియంది. పాత ఆర్మ్, కొత్త ఆర్మ్ పక్కపక్కన పెట్టి పొడవు, వంపు సరిచూడండి. ఎడమ, కుడి వేరు. కొత్త బోల్టులు పెట్టి చేత్తో మాత్రమే బిగించండి.

అసలు కిటుకు ఇక్కడుంది. బుష్ రబ్బరు లోపలి గొట్టానికి అంటుకుపోయి ఉంటుంది, బోల్టు బిగించగానే ఆ గొట్టం బండికి అతుక్కుంటుంది. చక్రం గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఆ స్థితిలో నిలబడుతుంది. బండి దించాక ఆర్మ్ పైకి లేచి రబ్బరును మెలితిప్పుతుంది, ఇక ఎప్పుడూ ఆ మెలికతోనే ఉంటుంది. కొత్త బుష్‌లు ఏడాది తిరక్కుండా చిరిగాయంటే పది సార్లలో తొమ్మిది సార్లు కారణం ఇదే, పార్టు నాసిరకం కాదు. కాబట్టి నకుల్ కింద రెండో జాకీ పెట్టి, మొదట రాసుకున్న దూరం వచ్చేదాకా మెల్లగా లేపి, అప్పుడు రిపేరు మాన్యువల్‌లోని టార్క్‌కు బిగించండి. బండి స్టాండ్ మీద నుంచి లేస్తోందేమో కనిపెట్టుకుని ఉండండి. గ్యారేజీలో చేయిస్తుంటే మెకానిక్‌కు ఒకే మాట చెప్పండి: "అన్నా, ఆర్మ్ బోల్టులు బండి చక్రాల మీద దించినాకనే టైట్ చెయ్యి." ఎందుకని అడగకుండా తలూపితే పని తెలిసినవాడే. "ఎట్ల చేసినా ఒకటే" అంటే పక్కనే నిలబడి చూడండి.

చక్రం బోల్టులు నక్షత్రం ఆకారంలో ఒకటి వదిలి ఒకటి చొప్పున, 140 న్యూటన్ మీటర్లకు బిగించండి. 100 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చూడండి.

షాకులు, అలైన్‌మెంట్

బోనెట్ మూల నొక్కి వదిలే పరీక్షతో షాకుల సంగతి తేలదు. 80 మీద చిన్న ఎత్తుపల్లం దాటినప్పుడు బండి ఒక ఊపుతో కుదురుకోవాలి. రెండో ఊపు వస్తే, లేదా టైరు చుట్టూ అలల్లా అరిగితే షాకులు పోయాయి. కొత్త షాకులు కొనేముందు బండికి ఏ సస్పెన్షన్ ఉందో ఛాసిస్ నంబరుతో ఆప్షన్ల జాబితా తీసి చూడండి. 704 అంటే ఎం స్పోర్ట్ సస్పెన్షన్, కాస్త కిందికి, గట్టిగా ఉంటుంది. 2వీఎఫ్ అంటే ఎలక్ట్రానిక్ షాకులు. వాటి పైన వైరు ఉంటుంది, ధర చాలా ఎక్కువ. వాటి స్థానంలో మామూలువి వేస్తే కోడింగ్‌లో ఆ ఆప్షన్ తీయించాలి, లేకపోతే డాష్‌బోర్డు మీద హెచ్చరిక పోదు.

మామూలు సస్పెన్షన్‌కు సాక్స్ లేదా బిల్‌స్టీన్ బీ4 చాలు. బీ6 అంటే గట్టిది. హైవే ఎక్కువ తిరిగేవాళ్లకు బాగుంటుంది, కాలనీ రోడ్లలో తిరిగేవాళ్లకు వద్దు. జతగా మార్చాలి. టాప్ మౌంట్లు, బంప్ స్టాపులు, డస్ట్ బూట్లు, స్ప్రింగ్ ప్యాడ్లు అప్పుడే వేయించండి, లేబరు ఒకటే. ఈ పని గ్యారేజీకి వదిలేయండి. స్ప్రింగ్ కంప్రెసర్ జారితే ప్రాణం మీదికి వస్తుంది.

స్ప్రింగ్ చుట్ల మధ్య ఇరికించే రబ్బరు బఫర్లు అమ్ముతుంటారు, ఎత్తు పెరుగుతుందని. ఆ రబ్బరు ఉన్నచోట స్ప్రింగ్ పనిచేయదు, మిగతా చుట్ల మీద భారం పడుతుంది. మెత్తదనం కోసం పెట్టినదే గట్టిదనం తెస్తుంది.

ఆర్మ్‌లు గానీ షాకులు గానీ కదిపాక అలైన్‌మెంట్ తప్పనిసరి. ట్యాంకు నింపి, డిక్కీ ఖాళీ చేసి, గాలి సరిచేసుకుని వెళ్లండి. ముందు వైపు టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మాత్రమే సర్దగలరు. వెనక క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలే కోణం), టో రెండూ సర్దే బోల్టులున్నాయి, కానీ చాలా దుకాణాలు వెనక్కి చూడనే చూడవు. నాలుగు చక్రాలకూ ముందూ తర్వాతా అంకెలున్న ప్రింటు అడగండి. వెనక అంకెలు ఎర్రగా ఉండగానే డబ్బులిచ్చి వచ్చేస్తే లోపలి అంచులు అరిగిపోతూనే ఉంటాయి.

రోజూ నడపడానికి

డాష్‌బోర్డు చెప్పే ఆయిల్ గడువు మన ట్రాఫిక్‌కు, దుమ్ముకు చాలా దూరం. 8,000-10,000 కిలోమీటర్లకు లేదా ఏడాదికి, ఏది ముందైతే అప్పుడు మార్చండి. డీజిల్‌కు బీఎండబ్ల్యూ ఎల్ఎల్-04 ప్రమాణం గుర్తు ఉన్న 5డబ్ల్యూ-30, దాదాపు 5 లీటర్లు. డీపీఎఫ్ ఉన్న ఇంజిన్లో ఆ గుర్తు లేని ఆయిల్ పోస్తే బూడిద ఎక్కువై ఫిల్టర్ శాశ్వతంగా పూడుతుంది, ఆ బూడిద కాలిపోయేది కాదు.

కూలెంట్ తగ్గుతుంటే నీళ్లు కలిపి సరిపెట్టుకోవద్దు, ఎక్కడ కారుతోందో వెతకండి. పాత బండ్లలో నీలం కూలెంట్ ఉంటుంది, తర్వాతి వాటిలో ఆకుపచ్చది. రెండూ కలపకండి. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్. పెట్రోలు బండ్లలో ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ దగ్గర చెమ్మ కనిపిస్తే వాయిదా వేయకండి. కారిన ఆయిల్ బెల్టు మీద పడితే బెల్టు పీచులు పీచులుగా ఊడుతుంది. గ్యాస్కెట్ చవక, దాని వెనక వచ్చే పని చవక కాదు.

సన్‌రూఫ్ ఉంటే ఎండాకాలం చివర్లో దాని మూలల్లో ఉండే కాలువల్లో గ్లాసు నీళ్లు మెల్లగా పోసి చూడండి, బండి కింద చక్రాల దగ్గర బయటికి రావాలి. రాకపోతే ఆకులు, దుమ్ము పూడుకున్నట్టు. జూన్‌లో మొదటి వానకు ఆ నీళ్లు లోపలికే దిగుతాయి. చెట్టు కింద నిలిపేవాళ్లు ఎలుకల సంగతి కూడా చూసుకోండి, వాటికి జర్మన్ వైర్లంటే మహా ఇష్టం.

బ్రేకు ఆయిల్ రెండేళ్లకు. బ్యాటరీ మార్చేటప్పుడు ఏజీఎం రకం, పాతదాని ఆంపియర్లే ఉన్నది వేయించండి. వేశాక స్కానర్‌తో బండిలో రిజిస్టర్ చేయించాలి. చేయకపోతే బండి పాత బ్యాటరీ లెక్కలోనే ఛార్జ్ చేస్తూ పోతుంది, కొత్తది తొందరగా చచ్చిపోతుంది. వోల్టేజీ పడిపోయిన రోజు డాష్‌బోర్డు మీద స్టీరింగ్, గేర్‌బాక్స్, ఏబీఎస్ అన్నీ ఒకేసారి పాడైనట్టు హెచ్చరికలు వెలుగుతాయి. అలాంటప్పుడు టో వ్యాన్‌ను పిలిచేముందు ఇంజిను ఆపి బ్యాటరీ వోల్టేజీ కొలవండి. 12.2 కంటే కిందికి పడి ఉంటే ముందు ఫుల్ ఛార్జ్ చేసి, కోడ్లు తుడిచి, ఏవి తిరిగొస్తాయో చూడండి. తిరిగొచ్చిన వాటికే డబ్బు ఖర్చు పెట్టండి.